మోకాలి నొప్పి తిరుగబెట్టినపుడు పెద్దలు తీసుకొనవలసిన జాగ్రత్తలు

నాట్ల కాలము వచ్చినదనిన పల్లెలో పనికి చేతులు చాలవు. అరువది దాటినవారు సైతము చేలోనికి దిగక తప్పదు. ఏడాది పొడుగునా ఓర్చుకొని తిరుగుచున్న మోకాలు సరిగా ఆ వారములోనే మొరాయించును. సాయంత్రమునకు సలుపు పుట్టి, రాత్రికి వాచి, తెల్లవారునప్పటికి మంచము దిగనీయదు. పని ఆగరాదని మందుల దుకాణములో నాలుగు మాత్రలు తెచ్చి మ్రింగి మరల మడిలోనికి దిగువారు కొందరు. ఇక మన పని అయిపోయినదని మంచము పట్టి నెలల తరబడి లేవనివారు మరికొందరు. ఈ రెండును తప్పుదారులే. మొదటి దారిలో మూత్రపిండములు చెడవచ్చును. రెండవ దారిలో కాలే చెడును.

రైతు సోదరులారా, సోదరీమణులారా! మోకాళ్ళ అరుగుదల పూర్తిగా నయమగు జబ్బు కాదు. కాని అది తిరుగబెట్టిన దినములను ఎట్లు గడుపవలెనో తెలిసినవారు చాలమంది తమ పని తాము చేసికొనుచు, పదిమందిలో తిరుగుచు కాలము గడుపగలుగుచున్నారు. దానికి ఖర్చు స్వల్పము. కావలసినది కొంచెము తెలివిడి, కొంచెము ఓపిక.

మోకాలు ఎట్లు పనిచేయును?

మోకాలు మూడు ఎముకలు కలియు చోటు. పైనుండి తొడ ఎముక, క్రిందనుండి కాలి ఎముక, ముందువైపున చిప్ప. ఈ ఎముకల కొనలపై తెల్లని, నున్నని పూత కలదు. దీని మందము కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే. దీనినే మనవారు గుజ్జు అందురు. వైద్యులు మృదులాస్థి యందురు. కీలు చుట్టును సంచివంటి పొర యొకటి యుండి, జిగురుగా నుండు ద్రవమును ఊరించుచుండును. ఆ ద్రవము కందెనవలె పనిచేయును.

కందెన లేని బండి ఇరుసు అరిగినట్లు మోకాలును అరుగునని చెప్పుట కద్దు. ఈ పోలిక సగము వరకే నిజము. ఇరుసు ఎంత తిరిగిన అంత అరుగును. బండిని మూలను పెట్టిన అరుగుదల ఆగును. మోకాలు అట్టిది కాదు. గుజ్జునకు రక్తనాళములు లేవు. కాలు మడచి చాచునపుడును, బరువు పడి తొలగునపుడును కీలులోని ద్రవము గుజ్జులోనికి ఇంకుచు, వెలికి వచ్చుచు దానికి పోషణ నందించును. కావున కదలని కీలు ఆకలితో నున్న కీలే. అంతేకాక, పని లేని తొడకండరము కొద్ది వారములలోనే సన్నగిల్లును. మోకాలికి ఊతమిచ్చునది ఆ కండరమే. అందుచేత మూలను పెట్టిన బండి బాగుండవచ్చును గాని మూలను పెట్టిన మోకాలు బాగుపడదు.

మరియొక సంగతి కూడ తెలిసికొనవలెను. ఈ జబ్బు గుజ్జు ఒక్కదానిది కాదు. ఎముకల అంచులు పెరుగుట, లోపలి పొర వాచుట, కండరములు బలహీనపడుట అన్నియు ఇందులో కలిసియుండును. ఎక్స్‌రేలో చాల అరిగినట్లు కనబడినవారు చక్కగా నడచుటయు, కొంచెమే అరిగినవారు బాధతో మూల్గుటయు వైద్యులు నిత్యము చూచుచుందురు. ఎవరైనను ఫిలిము చూపి "గుజ్జు మొత్తము పోయినది" అన్నంత మాత్రమున ధైర్యము విడువవలసిన పని లేదు.

బరువు లెక్క

సమతలముపై నడచునపుడు మోకాలిపై పడు ఒత్తిడి మనిషి బరువునకు సుమారు రెండున్నర రెట్లుండును. మెట్లు దిగునపుడు అది మూడున్నర రెట్ల వరకు పోవును. 60 కిలోల మనిషి ఊరక నడచినపుడు ఒక్కొక్క అడుగునకు దాదాపు 150 కిలోల ఒత్తిడి మోకాలిపై పడుచున్నదన్నమాట. అతడే 45 కిలోల యూరియా బస్తా భుజముపై పెట్టుకొనినచో అది 260 కిలోలు దాటును. గొంతుకు కూర్చుండి లేచునపుడు చిప్ప వెనుక ఒత్తిడి మరింత హెచ్చును. ఈ లెక్క మనసులో నుంచుకొనినచో ఏ పని మానవలెనో, ఏ పనిని మార్చుకొనవలెనో ఎవరికి వారే నిర్ణయించుకొనవచ్చును.

నొప్పి ఎందుకు తిరుగబెట్టును?

అరుగుదల గలవారికి రోజూ కొంత నొప్పి యుండుట మామూలే. ఆ మామూలును మించి నొప్పి, వాపు, బిగువు హఠాత్తుగా హెచ్చి ఒకటి రెండు దినములైనను తగ్గకున్నచో దానిని తిరుగబెట్టుట యందురు. సాధారణముగ ఇది కొద్ది దినములుండి, వారము పది దినములలో సర్దుకొనును. దీనికి కారణములు వెదకినచో ముందటి రోజు పనిలోనే తరచుగ దొరకును.

1. చాల రోజులు పని లేకయుండి ఒక్కసారిగా రోజంతయు నాట్లు వేయుట, కలుపు తీయుట, వేరుసెనగ కాయలు కోయుట.
2. గట్లపై, దుక్కిలో, బురదలో కాలు మెలికపడుట లేక జారుట.
3. బరువులు మోయుచు మెట్లెక్కుట, దిగుట.
4. గంటల తరబడి గొంతుకు గాని బాసికపట్టు గాని వేసికొని కూర్చుండుట.
5. పెండ్లి ప్రయాణములలోనో, యాత్రలలోనో అలవాటు లేని దూరము నడచుట.

ఒక చిన్న పుస్తకములో నొప్పి తిరుగబెట్టిన తేదీయు, ముందటి రెండు దినములలో చేసిన పనులును వ్రాసియుంచుడు. వ్రాయలేనివారు మనుమల చేత వ్రాయించుకొనవచ్చును. మూడు నాలుగు సార్లు వ్రాయునప్పటికి మీ మోకాలికి సరిపడని పని యేదో మీకే తెలియును.

ఇది అరుగుదలయేనా?

మోకాలు వాచిన ప్రతివారికి అరుగుదల యని తలచరాదు. కొన్ని జబ్బులు చూచుటకు ఇట్లే యుండి వేరు చికిత్సను కోరును.

చీము పట్టిన కీలు: మోకాలు ఎఱ్ఱబడి కాలిపోవుచు, జ్వరము, వణకు వచ్చి, కాలు ఏమాత్రము కదపనీయదు. ముల్లు గాని గాజుపెంకు గాని గుచ్చుకొనిన తరువాతను, శుభ్రత లేని చోట కీలులోనికి సూదిమందు వేయించుకొనిన తరువాతను ఇట్లు రావచ్చును. మధుమేహము గలవారికి అపాయము హెచ్చు. ఇందులో కొద్ది దినముల ఆలస్యమునకే కీలు పాడగును, ప్రాణము మీదికి కూడ రావచ్చును. వెంటనే ఆస్పత్రికి చేర్చవలెను. 108 అంబులెన్సును పిలువవచ్చును.

గౌటు: రక్తములో యూరిక్ ఆమ్లము హెచ్చినవారికి రాత్రికి రాత్రే కీలు వాచి, దుప్పటి తగిలినను ఓర్వలేనంత బాధ కలుగును. తొలుత కాలి బొటనవ్రేలికి వచ్చుట హెచ్చు గాని మోకాలికిని రావచ్చును. దీనికి వేరు మందులు కలవు.

కీళ్ళవాతము: ఉదయము లేచిన తరువాత గంటకు మించి బిగువుండుట, రెండు చేతుల వ్రేళ్ళ కణుపులును వాచుట దీని గుర్తులు. అరుగుదలలో ఉదయపు బిగువు సాధారణముగ అరగంట లోపలనే సడలును.

చికున్ గున్యా: జ్వరము తగ్గినను కీళ్ళ నొప్పులు నెలల తరబడి వదలవు. 2005, 2006 సంవత్సరములలో ఈ జ్వరము మన ప్రాంతమున విపరీతముగ వ్యాపించినపుడు ఊళ్ళకు ఊళ్ళు కుంటుచు నడచిన సంగతి చాలమందికి జ్ఞాపకముండును.

ఫ్లోరోసిస్: నీటిలో ఫ్లోరైడు హెచ్చుగానున్న చోట్ల ఏండ్ల తరబడి ఆ నీరు త్రాగినవారికి మోకాళ్ళేకాక మెడ, నడుము కూడ బిగిసిపోవును. మన దేశములో ఈ వ్యాధిని మొదట 1937లో నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములనుండియే వైద్యులు వివరముగ ప్రకటించిరి. నల్లగొండ ప్రాంతపు బాధలు అందరెఱిగినవే. ఇచట మందు కన్న ముఖ్యమైనది మంచినీరు.

ఇవికాక, పడిన తరువాత కాలు మోపలేకపోవుట, మోకాలు మధ్యలో చిక్కుకొని చాపలేకపోవుట, పిక్క ఒక్కటే వాచి సలుపుట, ఇదివరకు కీలు మార్పిడి జరిగిన మోకాలు వాచుట, వీనిలో ఏది కనబడినను ఇంటి వైద్యముతో కాలక్షేపము చేయక ఆ దినమే డాక్టరుకు చూపవలెను.

మొదటి మూడు దినములు

పై గుర్తులేవియు లేక, ఎప్పుడును వచ్చు నొప్పియే హెచ్చినదని తెలిసినపుడు ఈ క్రింది విధముగ చేయుడు.

విశ్రాంతి: నొప్పికి కారణమైన పనిని మాత్రము ఆపుడు. మంచమునకు అంటుకొనిపోరాదు. ఇంటిలో గంటకొక పర్యాయము లేచి నాలుగడుగులు వేయవలెను. మెట్లు, గొంతుకు కూర్చుండుట, బరువులు ఈ మూడును పూర్తిగ మానవలెను.

చల్లదనము: మోకాలు వేడిగానుండి వాచియున్నచో చల్లని పట్టీ మేలు చేయును. మంచుగడ్డను పలుచని తువ్వాలులో చుట్టి 15 నిమిషములు ఉంచి తీసివేయుడు. దినమునకు మూడు నాలుగు సార్లు చేయవచ్చును. మంచుగడ్డను చర్మమునకు నేరుగ తగిలించరాదు. మంచు దొరకని చోట కొత్తకుండలోని నీటితో తడిపి పిండిన గుడ్డ చాలును.

వేడిమి: వాపు, వేడి తగ్గి బిగువు మాత్రము మిగిలినపుడు గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన తువ్వాలుతో కాపడము పెట్టవచ్చును. ఇసుకమూట, ఉప్పుమూట వాడువారు ముందు తమ ముంజేతిపై పెట్టి చూచుకొనవలెను. మధుమేహము వలన కాళ్ళు తిమ్మిరెక్కినవారికి వేడి తెలియదు. వారికి బొబ్బలెక్కి పుండ్లు పడిన సందర్భములు కలవు. అట్టివారికి కాపడము ఇంటివారే పరీక్షించి పెట్టవలెను.

ఎత్తు: పడుకొనినపుడు వాపు దిగుటకై కాలిని దిండుపై నుంచవచ్చును. దిండు పిక్క, మడమ క్రిందికి రావలెను. హాయిగా నున్నదని మోకాలి క్రింద మాత్రమే దిండు పెట్టి రాత్రియంతయు నుంచినచో కాలు కొంచెము ముడుచుకొని బిగిసిపోవును. తరువాత దానిని చాచుట కష్టము.

చేతికఱ్ఱ: ఇది సిగ్గుపడవలసిన వస్తువు కాదు. నొప్పి కుడి మోకాలికైనచో కఱ్ఱ ఎడమ చేత పట్టవలెను. ఎడమకైనచో కుడిచేత. చాలమంది నొప్పి వైపుననే పట్టి ఫలము పోగొట్టుకొనుచున్నారు. నిలబడి చేయి వ్రేలాడదీసినపుడు మణికట్టు ముడుత వరకు కఱ్ఱ ఎత్తుండవలెను. అడుగున రబ్బరు తొడుగు వేసినచో జారదు.

మెట్లు తప్పనిచో ఈ మాట గుర్తుంచుకొనుడు: మంచి కాలు పైకి, నొప్పి కాలు క్రిందికి. అనగా ఎక్కునపుడు మంచి కాలు ముందు, దిగునపుడు నొప్పి కాలు ముందు.

వాతలు పెట్టుట, నల్లజీడి రసము పూయుట, జిల్లేడు పాలు రాయుట చేయరాదు. వీనివలన చర్మము కాలి పుండ్లగును. లోని నొప్పి అట్లే యుండును. గోరువెచ్చని నూనెతో మృదువుగ మర్దనము చేసికొనుట వలన హాయి కలుగును, తప్పు లేదు. వాచిన కీలును మాత్రము బలముగ నలుపరాదు.

మాత్రల విషయములో మెలకువ

ఈ వ్యాసములో అన్నిటికంటె శ్రద్ధగా చదువవలసిన భాగమిది.

మొదట పూతమందుతో ప్రారంభించుడు. డైక్లోఫెనాక్ వంటి మందు గల జెల్లును దినమునకు మూడు నాలుగు సార్లు మోకాలి చుట్టును రాయవచ్చును. ఇది రక్తములోనికి స్వల్పముగనే చేరును గనుక లోనికి మ్రింగు మాత్రకంటె అపాయము తక్కువ. గాయముపై రాయరాదు. రాసిన వెంటనే కాపడము పెట్టరాదు. చేతులు కడుగుకొనవలెను.

పారసెటమాల్ మాత్ర కొందరికి కొంత ఉపశమనము నిచ్చును. పెద్దలు 500 మిల్లీగ్రాముల మాత్రలు దినమునకు ఆరింటికి మించి వాడరాదు. బక్కపలుచనివారు, కాలేయ వ్యాధి గలవారు, మద్యము త్రాగువారు డాక్టరు నడిగి ఇంకను తగ్గించుకొనవలెను. అమ్మకములో నున్న అనేక నొప్పిమాత్రలలో పారసెటమాలు ముందే కలిసియుండును. తెలియక రెండును మ్రింగినచో మోతాదు మించును. కావున అట్టమీద వ్రాసినది చదివించుకొనుడు.

ఇక డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫేన్ వంటి మాత్రలు. వీనివలన నొప్పియు వాపును త్వరగా తగ్గును. అందుచేతనే వీనిపై మోజు. కాని ఇవి మూత్రపిండములకు పోవు రక్తమును తగ్గించును. కడుపులో పుండ్లు కలిగించును. రక్తపుపోటును పెంచును. గుండెజబ్బు గలవారికి కీడు చేయును. యువకునికి రెండు దినములలో ఏమియు కానిది, డెబ్బదేండ్ల పెద్దకు ఆపదయగును.

ముఖ్యముగ ఈ మూడు కలిసినచోట జాగ్రత్తపడుడు: నొప్పిమాత్ర, రక్తపుపోటు మాత్రలలో కొన్ని రకములు, నీరు తీయు మాత్ర. ఇవి వాడుచు ఎండలో చెమటోడ్చి పనిచేసి, నీరు చాలినంత త్రాగనివారికి గాని, వాంతులు విరేచనములు పట్టినవారికి గాని మూత్రపిండములు హఠాత్తుగ పనిచేయుట మానవచ్చును. శ్రీకాకుళము జిల్లా ఉద్దానములో మూత్రపిండవ్యాధి ఎన్ని కుటుంబములను క్రుంగదీసినదో మీరెఱుగుదురు. అచటి వ్యాధికి కారణములు అనేకము ఉండవచ్చును. దానిని ఈ మాత్రలకే అంటగట్టరాదు. కాని మూత్రపిండములు బలహీనముగ నున్నవారు ఈ మాత్రల జోలికి పోరాదనుటలో సందేహము లేదు.

ఈ మందు శక్తి యెట్టిదో రైతులకు తెలిసిన ఉదాహరణమొకటి కలదు. ఒకప్పుడు మన పొలిమేరలలో చచ్చిన పశువును గంటలలో శుభ్రము చేసిన రాబందులు 1990 తరువాత దాదాపు కనుమరుగైనవి. పశువులకు నొప్పి తగ్గుటకు వేసిన డైక్లోఫెనాక్ కళేబరములలో మిగిలి, దానిని తిన్న రాబందుల మూత్రపిండములు చెడి అవి చచ్చుచున్నవని 2004లో శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. 2006లో పశువైద్యములో ఆ మందును భారత ప్రభుత్వము నిషేధించినది. మనుషుల కొరకైన సూదిమందును పశువులకు మళ్ళించుట ఆపుటకై 2015లో పెద్ద సీసాలను కూడ నిషేధించిరి. పక్షి శరీరము వేరు, మనిషి శరీరము వేరు, నిజమే. కాని మూత్రపిండముపై దీని పని సామాన్యమైనది కాదని గ్రహించుటకు ఈ కథ చాలును.

కావున ఈ మాత్రలు డాక్టరు వ్రాసినపుడే, తక్కువ మోతాదులో, తక్కువ దినములు, అన్నము తిన్న తరువాత వాడవలెను. మూత్రపిండవ్యాధి, గుండెజబ్బు, కడుపులో పుండు గలవారు, రక్తము పలుచబరచు మందులు వాడువారు ఆ సంగతి డాక్టరుకు ముందుగ చెప్పితీరవలెను. నల్లని విరేచనము, కాళ్ళ వాపు, మూత్రము తగ్గుట కనబడినచో మాత్ర ఆపి వెంటనే చూపించుకొనుడు. పనికి పోవుటకు శక్తి వచ్చునని ప్రొద్దున్నే ఒక మాత్ర వేసికొని చేలోనికి దిగు అలవాటు మిక్కిలి చెడ్డది. నొప్పి తెలియకపోవుటచే కీలుపై మరింత బరువు వేయుదురు, మూత్రపిండములపై మరింత విషము వేయుదురు.

పేరు లేని పొట్లములు, రంగు మాత్రలు, "ఒక్క డోసుతో లేచి పరుగెత్తుదురు" అను పొడులు కొనకుడు. ఇట్టివానిలో స్టీరాయిడు కలిపియున్నట్లు అనేకసార్లు బయటపడినది. మొదట అద్భుతముగ నుండును. తరువాత ముఖము ఉబ్బును, చక్కెర హెచ్చును, ఎముకలు గుల్లబారును. అట్టివి కొంతకాలముగ వాడుచున్నవారు హఠాత్తుగ మానుట కూడ అపాయమే. పొట్లముతో సహా డాక్టరు వద్దకు పోయి క్రమముగ తగ్గించుకొనవలెను. ఎముకల వైద్యుడు శుభ్రమైన చోట కీలులోనికి వేయు స్టీరాయిడు సూదిమందు వేరు. అది కొన్ని వారములు ఉపశమనమియ్యవచ్చును గాని మాటిమాటికి వేయించుకొనదగినది కాదు. గుజ్జు పెంచునని అమ్ముచున్న ఖరీదైన మాత్రలు అరిగిన గుజ్జును తిరిగి పెంచునని రుజువు కాలేదు. ఆ డబ్బుతో పాలు, గ్రుడ్లు, పప్పు కొనుక్కొనుట మేలు.

కాలికి కసరత్తు

మొదటి దినమునుండియే మంచముపై చేయదగినవి మూడు.

1. కాలు చాచి పడుకొని, మోకాలిని పరుపుకేసి అదుముచు తొడకండరమును బిగించుడు. అయిదు అంకెలు లెక్కించి వదలుడు. పదిసార్లు.
2. మడమను పరుపుపై జరుపుచు మోకాలిని నొప్పి ఓర్చుకొనగలిగినంత వరకు మడచి, మరల చాచుడు. పదిసార్లు.
3. పాదమును పైకి, క్రిందికి ఆడించుడు. ఇరువదిసార్లు.

వీనిని ఉదయము, మధ్యాహ్నము, సాయంత్రము చేయవలెను. నాలుగైదు దినములకు వాపు తగ్గిన తరువాత మరి రెండు చేర్చుడు. ఒకటి, వెల్లకిల పడుకొని ఒక కాలు మడచి, రెండవ కాలిని చాచినది చాచినట్లే ఒక అడుగు ఎత్తు లేపి అయిదు అంకెలు నిలిపి దించుట. రెండు, ఎత్తైన కుర్చీ నుండి చేతి ఊతముతో నెమ్మదిగ లేచి, నెమ్మదిగ కూర్చుండుట. అయిదుసార్లతో మొదలిడి పదికి, పదునైదుకు పెంచవచ్చును.

ఎంత చేయవలెనను సందేహమునకు మరునాటి ఉదయమే సమాధానము చెప్పును. చేయునపుడు కొంచెము నొప్పి పుట్టి రాత్రికి సర్దుకొనినచో భయము లేదు. మరునాడు వాపు, నొప్పి హెచ్చినచో సగమునకు తగ్గించుడు. మానివేయరాదు. ఈ కసరత్తు నొప్పి దినములకు మాత్రమే కాదు. నొప్పి లేని దినములలో మానకుండ చేయువారికే తరువాతి నాట్ల కాలము సుఖముగ గడచును.

పొలములో, ఇంటిలో మార్పులు

తిరిగి పనిలోనికి దిగునపుడు మొదటి రెండు దినములు ఉదయపు చల్లనివేళ అరగంటకు మించరాదు. తరువాత కొంచెము కొంచెముగ పెంచుకొనవలెను. వంగుట, నడచుట, నిలబడుట అను పనులను మార్చి మార్చి చేయుడు. ఒకే భంగిమలో అరగంటకు మించి యుండకుడు.

కలుపు తీయుటకు పొట్టి పిడి దోకుడుపార మాని, నిలబడి పనిచేయుటకు వీలగు పొడుగు పిడి గల పనిముట్లు వాడుడు. వరిలో వరుసలుగ నాటిన చోట కోనో వీడరు నడిపించవచ్చును. కాని బురదలో దానిని నెట్టుట బలము గల పని గనుక ఇంటిలోని యువకులకు అప్పగించుడు. కూరమడులలో పనికి చిన్న ముక్కాలిపీట వెంట నుంచుకొనుడు. పాలు పిదుకునపుడు గొంతుకు కూర్చుండక పీటపై కూర్చుండుడు. బస్తాలను భుజమున గాక తోపుడుబండిపై తరలించుడు. ఎరువు బస్తాను విప్పి, బకెట్లతో కొంచెము కొంచెముగ పంచుకొనుట బస్తా మోయుటకంటె మేలు. గట్లపై నడచునపుడు అడుగు జారని చెప్పులు తొడుగుకొనుడు.

విత్తనశుద్ధి, నారుమడి కాపు, నీటి కాపలా, కాయల ఏరివేత, లెక్కల వ్రాత, ఇవియన్నియు పెద్దల అనుభవము కోరు పనులే. మోకాలికి అలసట లేనివే. పెద్దలను పని మాన్పించుట కాదు, పని మార్పించుట ఇంటివారి కర్తవ్యము.

ఇంటిలో స్త్రీల మోకాళ్ళకు శ్రమ మరింత హెచ్చు. ఏబది దాటిన స్త్రీలలో ఈ జబ్బు పురుషులకంటె ఎక్కువ. పొయ్యి, అంట్లు తోమెడి చోటు నడుము ఎత్తునకు లేపినచో సగము బాధ తీరును. పొడుగు పిడి చీపురు వాడుడు. నేలపై బాసికపట్టు వేయుటకు బదులు కుర్చీపైనో మంచము అంచునో కూర్చుండి భోజనము చేయుట మర్యాదకు లోపము కాదు. మరుగుదొడ్డిలో కూర్చుండి లేచుట చాలమందికి చెప్పుకొనలేని బాధ. ఆ బాధకు వెఱచి నీరు త్రాగుట తగ్గించువారు కలరు. ఇది మూత్రపిండములకు మరింత కీడు. మధ్యను రంధ్రము గల కుర్చీని దొడ్డిపై నుంచి, గోడకు పట్టుకొనుటకు ఒక ఇనుపకడ్డీ బిగించినచో ఈ చిక్కు తీరును. ఊరి వడ్రంగియే చేసి పెట్టగలడు.

ఆహారము, బరువు

పులుపు తిన్న కీళ్ళు పట్టుననియు, పెరుగు, వంకాయ, దుంపలు వాతమనియు అన్నిటిని మాన్పించుట వలన పెద్దలు నీరసించుటయే గాని మోకాలికి లాభము కలుగదు. కండరము నిలుచుటకు పప్పు, పాలు, గ్రుడ్లు, చేపలు అవసరము. గౌటు గలవారు మాత్రము డాక్టరు చెప్పిన పథ్యము పాటించి, మద్యము మానవలెను.

బరువు హెచ్చుగానున్నవారు తగ్గుట మందుకంటె మేలైనది. ఒక కిలో బరువు తగ్గినచో ఒక్కొక్క అడుగున మోకాలిపై సుమారు నాలుగు కిలోల ఒత్తిడి తగ్గునని పరిశోధనలో తేలినది. ఉన్న బరువులో పదియవ వంతు తగ్గించగలిగినవారికి నొప్పి స్పష్టముగ తగ్గును. అన్నము కొంచెము తగ్గించి కూర, పప్పు హెచ్చించుట, తీపి పానీయములు మానుట దీనికి తేలిక మార్గము.

డాక్టరు వద్దకు ఎప్పుడు?

ఈ జాగ్రత్తలు తీసుకొనినను వారము పది దినములలో తగ్గనపుడును, సంవత్సరములో మాటిమాటికి తిరుగబెట్టుచున్నపుడును ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో చూపించుకొనుడు. ఊరిలోని ఆశా కార్యకర్తను, నర్సును అడిగినచో ఎచటికి పోవలెనో చెప్పుదురు. పోవునపుడు మీరు వాడుచున్న అన్ని మందుల అట్టలు సంచిలో వేసికొని పోవుట మరువరాదు. కసరత్తు, మందు, బరువు తగ్గుట అన్నియు చేసినను రాత్రి నిద్ర లేక, పెరడు వరకు కూడ నడువలేని స్థితి వచ్చినపుడు కీలు మార్పిడి ఆపరేషను గూర్చి ఎముకల వైద్యునితో మాటాడవలెను. అది భయపడవలసినది కాదు, తొందరపడవలసినదియు కాదు. ఆపరేషను తరువాత కూడ కాలిని నిలబెట్టునది తొడకండరమే గనుక, ముందునుండి కసరత్తు చేసినవారు త్వరగా కోలుకొందురు.

ముఖ్యముగ గుర్తుంచుకొనవలసినవి

• జ్వరముతో మోకాలు ఎఱ్ఱబడి వాచినచో ఆ దినమే ఆస్పత్రికి.
• పని ఆపుడు, కదలిక ఆపకుడు.
• వేడిగ వాచినపుడు చల్లని పట్టీ. బిగిసినపుడు వెచ్చని కాపడము.
• కఱ్ఱ నొప్పి లేని వైపు చేత.
• ముందు పూతమందు. మ్రింగు మాత్ర డాక్టరు చెప్పినపుడే.
• నొప్పి లేని దినములలోను కసరత్తు.

ఎద్దు కుంటినపుడు తెలివిగల రైతు దానిని కాడికి కట్టడు. అట్లని కొట్టములోనే కట్టివేయడు. నాలుగు దినములు మేతకు తిప్పి, తేలిక పనికి అలవాటు చేసి, తరువాత దుక్కికి తెచ్చును. ఆ ఓర్పును, ఆ వివేకమును మన పెద్దల మోకాళ్ళ యెడలను చూపినచో, వారి నడకయు, వారి అనుభవమును మన పొలములకు మరి కొన్నేండ్లు దక్కును.